గర్భసంచి ఆపరేషన్ తర్వాత ముందే వచ్చే మెనోపాజ్: ఎవరిని కలవాలి, ఏం అడగాలి

రాత్రిపూట ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, కారణం లేని దిగులు. యాభై దగ్గర పడిన స్త్రీకి ఇవి వస్తే ముట్లుడిగే వయసని అందరికీ అర్థమవుతుంది. ముప్ఫై ఐదేళ్ల కూలి మనిషికి వస్తే మాత్రం నీరసమని చెప్పి, సెలైన్ ఎక్కించి, బలం సూది వేసి పంపేస్తారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి పైగా ఉన్నారు. పల్లెల్లో, చదువు తక్కువగా ఉన్న స్త్రీలలో ఈ ఆపరేషన్లు ఎక్కువ. తెల్లబట్ట, నడుము నొప్పి, అధిక రక్తస్రావం వంటి మందులతో నయం చేయదగ్గ బాధలకు కూడా 'క్యాన్సర్ వస్తుంది' అని భయపెట్టి గర్భసంచి తీసేసిన సందర్భాలున్నాయి. కూలి పోగొట్టుకుని పదేపదే ఆస్పత్రికి తిరగలేని దళిత స్త్రీకి ఆ మాటను మరో డాక్టర్ దగ్గర సరిచూసుకునే వీలు తక్కువ.

అండాశయాలు ఉన్నాయా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. గర్భసంచి మాత్రమే తీస్తే నెలసరి ఆగుతుంది కానీ హార్మోన్లు వస్తూనే ఉంటాయి. అయితే అండాశయాలు మామూలు కంటే కొన్నేళ్లు ముందే పని మానేసే అవకాశం ఎక్కువ. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఏం తీశారో చాలామందికి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి సమ్మరీలో, ఆపరేషన్ నోట్స్‌లో అది రాసి ఉంటుంది. వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002) ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులివ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను కనీసం మూడేళ్లు భద్రపరచాలి. అందుకే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగాలి. కాగితం దొరకకపోతే స్కానింగ్, రక్తపరీక్షలు కొంత దారి చూపుతాయి.

ఎవరిని కలవాలి?

ఆర్‌ఎంపీ దగ్గర ఆగిపోవద్దు. పీహెచ్‌సీ నుంచి రిఫరల్ రాయించుకుని ఏరియా ఆస్పత్రి లేదా జిల్లా ఆస్పత్రి గైనిక్ ఓపీకి వెళ్లాలి. సమస్య అక్కడ తేలకపోతే బోధనాసుపత్రిలో గైనకాలజిస్టును, వీలైతే ఎండోక్రైనాలజిస్టును కలవాలి. '40 ఏళ్లలోపే మెనోపాజ్ లక్షణాలు వచ్చాయి' అని స్పష్టంగా చెప్పాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, థైరాయిడ్ పరీక్షల గురించి, ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి అడగాలి. గర్భసంచి ఉండగానే 40 ఏళ్లలోపు నెలలు నెలలు ముట్టు రానివారూ ఇదే దారిలో వెళ్లాలి. వారికి గర్భ పరీక్ష కూడా చేస్తారు.

చికిత్స ఉంది

ఇది ఓర్చుకోవాల్సిన బాధ కాదు. చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ ఆగిపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోన్ చికిత్స సాధారణంగా సూచిస్తారు. గర్భసంచి లేనివారికి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఉన్నవారికి ప్రొజెస్టరాన్ కూడా కావాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్య, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు ముందే డాక్టర్‌కు చెప్పాలి. వారికి వేరే మందులుంటాయి. హార్మోన్లంటే క్యాన్సరనే భయం చాలావరకు అమెరికాలో 50–79 ఏళ్ల స్త్రీలపై జరిగి, 2002లో ఫలితాలు వెలువడిన అధ్యయనం నుంచి వచ్చింది. దాన్ని 35 ఏళ్ల స్త్రీకి యథాతథంగా అన్వయించకూడదు.

సంఘాలు చేయాల్సింది

అనవసర గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా, ఎన్నిసార్లు సమావేశమైంది అని సమాచార హక్కు చట్టం కింద డీఎంహెచ్‌ఓను అడగవచ్చు. కొత్త ఆపరేషన్లను ఆపడం ఎంత అవసరమో, ఆపరేషన్ అయిపోయిన అక్కచెల్లెళ్లకు చికిత్స అందేలా చూడడమూ అంతే అవసరం. ఓపీ రోజున ఆమె కాగితాలు పట్టుకుని వెంట వెళ్లేవాళ్లు ఒక్కరున్నా, డాక్టర్ ముందు ఆమె తన బాధ పూర్తిగా చెప్పుకోగలుగుతుంది.