బల్బు మనదే, మరి లోపలి సాఫ్ట్‌వేర్?

ఈరోజు ఒక చిన్న బల్బు చరిత్ర చెప్పుకుందాం. ఫోన్‌లో నొక్కితే వెలిగే వైఫై బల్బు ఉంది కదా, వాటిలో కొన్నిటిలో మీరు నొక్కింది ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి తిరిగి మీ గదిలోకి వస్తుంది. పక్కనే ఉన్న లైటు ఆర్పడానికి ఎక్కడో ఉన్న కంప్యూటర్ పర్మిషన్ అన్నమాట!

దీన్ని మార్చాలన్న ఆలోచన బల్బుతో మొదలవ్వలేదు, రూటర్‌తో మొదలైంది. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్ వచ్చింది. అందులో లినక్స్ ఉందని 2003లో బయటపడింది. లినక్స్ లైసెన్స్ ప్రకారం కోడ్ ఇవ్వాల్సిందే, కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్ నుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. కంపెనీ ఫర్మ్‌వేర్ తీసేసి మనది వేసుకోవచ్చని చాలామందికి అప్పుడే తెలిసింది.

తర్వాత 2014. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ ఈఎస్‌పీ8266 చిప్. కొద్ది డాలర్లకే వైఫై, పైగా మన ప్రోగ్రామ్ కూడా అందులోనే నడుస్తుంది. చవక స్విచ్‌లు, ప్లగ్‌లు, బల్బులు, అన్నిట్లోకీ అదే చేరింది. నెదర్లాండ్స్‌కి చెందిన థియో ఆరెండ్స్ సోనాఫ్ స్విచ్‌ల కోసం సొంత ఫర్మ్‌వేర్ రాశాడు. అదే టాస్మోటా.

స్విచ్ అయితే మూత తీసి వైర్లు కలపొచ్చు. బల్బు సంగతేంటి? విప్పితే పగిలిపోతుంది. దీనికి దారి 2018 డిసెంబర్‌లో దొరికింది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన హ్యాకర్ల సభలో మైఖేల్ స్టైగర్‌వాల్డ్, టుయా ప్లాట్‌ఫామ్ బల్బుల్ని విప్పకుండానే, వైఫై మీదే ఫర్మ్‌వేర్ మార్చి చూపించాడు. ఆ వెంటనే టుయా-కన్వర్ట్ వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ కంపెనీ సర్వర్‌లా నటించి "ఇదిగో అప్‌డేట్" అంటుంది, బల్బు నమ్మేస్తుంది.

కానీ ఒక్క మాట. మనకి దారి ఇచ్చిన కన్నమే దొంగకీ దారి ఇస్తుంది. ఆ బల్బుల మెమరీలో వైఫై పాస్‌వర్డ్ ఎవరైనా చదివేలా ఉండేది. అందుకే కంపెనీ కన్నం మూసింది, అది తప్పు కాదు. తర్వాత చాలా బల్బుల్లో చిప్ కూడా మారిపోయింది. 2022లో వాటికీ క్లౌడ్‌కట్టర్ వచ్చింది. దొంగా పోలీస్ ఆట అలా నడుస్తూనే ఉంది.

ఇంత కష్టం ఎందుకంటారా? 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు చెప్పకుండానే ఆగిపోయాయి. డబ్బులిచ్చి కొన్నవాళ్ల యాప్‌లు పనిచేయలేదు. హోమ్ అసిస్టెంట్‌తో ఇంట్లోంచే కంట్రోల్ చేసుకునేవాళ్లకి మాత్రం లైట్లు మామూలుగానే వెలిగాయి. తేడా అదీ.

మీరు ట్రై చేస్తే ఒక జాగ్రత్త: బల్బు కరెంటులో ఉండగా యూఎస్‌బీ వైర్లు అస్సలు కలపకండి, ప్రాణాలకే ప్రమాదం. అంత రిస్క్ వద్దనుకుంటే, టాస్మోటా ముందే వేసి అమ్మే బల్బులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. ఏది కొన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: నెట్ పోయినా ఇది నా మాట వింటుందా?