వేరులో నిలిచిన పోగు: దంతపు పోస్టు చరిత్ర

పైభాగం విరిగి వేరు మాత్రమే మిగిలిన పంటికి, ఆ వేరు లోపలి కాలువలో పోస్టు అనే చిన్న కడ్డీని నిలిపి కొత్త పన్ను కట్టే పద్ధతిని ఫ్రాన్స్ వైద్యుడు పియేర్ ఫొషార్ 1728లోనే వర్ణించాడు. అయితే బిరుసైన లోహపు కడ్డీ నమిలే ఒత్తిడికి వేరును చీల్చే ప్రమాదం ఉండడంతో, 1990లో కర్బన పోగుల పోస్టు, తరువాత తెల్లని గాజు పోగుల పోస్టు వచ్చాయి. ఈ పోస్టును వేరులో పట్టి ఉంచేది రెసిన్ జిగురు; పంటికి రెసిన్‌ను అతికించే విద్యకు 1955లో మైఖేల్ బ్యూనోకోర్ ఎనామిల్‌పై ఆమ్లపూతతో పునాది వేశాడు. పోస్టులోని పోగులను బంధించే ఎపాక్సీ అనే ప్లాస్టిక్‌కు ఈ జిగురు సులభంగా అంటదు గనుక, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పైపొరను కరిగించి, గాజునూ రెసిన్‌నూ కలిపి పట్టే సైలేన్‌ను పూస్తారు. సహజమైన వేరును కాపాడే ఈ శాస్త్రం ప్రజలందరికీ అందాలని ఆశించడం సముచితం.