కణం చుట్టూ పొర: రేకు తొట్టి నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ దాకా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

వానలు పడితే మన గూడేల్లో విరేచనాలు మొదలవుతాయి. ఆశా అక్క వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి పోతుంది. "ఉప్పు, పంచదారే కదా, ఇదేం మందు" అని చాలామంది గూట్లో పెట్టేస్తారు. ఆ రెండూ కలిపే ఎందుకు ఇవ్వాలి అన్నదానికి జవాబు కణత్వచంలో ఉంది. ఇంటర్ బైపీసీ వాళ్ళకి అది పుస్తకంలో ఒక బొమ్మ, పరీక్షలో ఒక ప్రశ్న. ఆ బొమ్మ తయారవడానికి మాత్రం దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. దాని మందం సుమారు 7 నుంచి 8 నానోమీటర్లు. అలాంటివి లక్షకు పైగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. మామూలు మైక్రోస్కోపులో ఆ పొర నిర్మాణం కనబడదు. మరి కంటికి కనబడనిదాన్ని ఎలా తెలుసుకున్నారు?

1890లలో స్విట్జర్లాండ్ జూరిచ్‌లో చార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ అనే ఆయన మొక్కల కణాల మీద, తోకకప్పల మీద వందల రకాల పదార్థాలు వేసి చూశారు. కొవ్వులో బాగా కరిగేవి కణంలోకి తొందరగా వెళ్తున్నాయి. చక్కెర, ఉప్పు లాంటివి అంత తేలిగ్గా వెళ్ళట్లేదు. అంటే కణం చుట్టూ ఉన్నది కొవ్వు లాంటి పదార్థమే అయ్యుండాలి అన్నారు. ఈ చక్కెర సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే కాలంలో జర్మనీ బ్రౌన్‌ష్వైగ్‌లో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయి ఉండేది. ఆమెకి ఫిజిక్స్ అంటే ప్రాణం. కానీ అప్పట్లో అక్కడ ఆడవాళ్ళని యూనివర్సిటీలో చేర్చుకునేవారు కాదు. ఇంట్లో జబ్బుతో ఉన్న అమ్మానాన్నలని చూసుకుంటూ, తమ్ముడు పంపిన పుస్తకాలు చదువుకునేది. జిడ్డు పడితే నీటి పైభాగం ఎలా మారుతుందో చూడ్డానికి ఒక రేకు తొట్టి, దాని మీద జరపడానికి ఒక రేకు పట్టీ, తూచడానికి ఒక గుండీ కట్టిన త్రాసు పెట్టుకుంది. ఇరవై ఏళ్ళ వయసుకే ఈ పని చేస్తోంది. అంటే మనలో చాలామంది వయసే. 1891లో ఇంగ్లండ్‌లోని శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో వేయించారు. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ తొట్టినే మెరుగుపరిచి, నీటి మీద కొవ్వు అణువులు ఎలా నిలబడతాయో 1917లో చెప్పారు: నీటిని ఇష్టపడే కొస కిందికి, పడని కొస పైకి. ఆయనకి 1932లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది పోకెల్స్‌కి, 70 ఏళ్ళ వయసులో, బ్రౌన్‌ష్వైగ్‌లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు.

1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఈ తొట్టి పద్ధతినే రక్తానికి వాడారు. ఎర్రకణాల్లోంచి కొవ్వు తీసి నీటి మీద పరిచి కొలిస్తే, అది కణాల పైభాగానికి రెండింతలు వచ్చింది. అంటే పొర ఒంటి వరస కాదు, రెండు వరసలు! తలలు రెండు పక్కలా నీటివైపు, తోకలు మధ్యలో. నిజానికి వాళ్ళ లెక్కలో రెండు తప్పులున్నాయి. కొవ్వు మొత్తం బయటికి రాలేదు, కణం వైశాల్యం కూడా తక్కువగా లెక్కేశారు. ఒక తప్పుకి ఇంకోటి సరిపోయి జవాబు సరిగ్గా వచ్చింది.

సరే, పొర కొవ్వుదైతే చక్కెర లోపలికి ఎలా పోతోంది? చక్కెర కణానికి ముఖ్యమైన తిండి కదా. ఇక్కడే ప్రోటీన్ల పని. 1935లో డేవ్‌సన్, డానియెల్లి ప్రోటీన్లు కొవ్వుకి రెండు పక్కలా పూతలా ఉంటాయన్నారు. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపేశారు. వేర్వేరు రంగులతో గుర్తుపెట్టిన ప్రోటీన్లు 40 నిమిషాల్లో పొరంతా కలిసిపోయాయి. అంటే పొర గట్టి గోడ కాదు, కదులుతూ ఉండేది. 1972లో సింగర్, నికల్సన్ దీనికి 'ఫ్లూయిడ్ మొజాయిక్' నమూనా ఇచ్చారు: నూనె లాంటి రెండు వరసల్లో ప్రోటీన్లు అక్కడక్కడా దిగబడి ఉంటాయి, కొన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి ఉంటాయి. వాటిలో కొన్ని తలుపుల్లా పనిచేస్తాయి. మన పుస్తకంలో బొమ్మ ఇదే.

ఇప్పుడు ఓఆర్ఎస్ దగ్గరికి వద్దాం. 1960లో ప్రాగ్‌లో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ ఒక సంగతి చెప్పారు. పేగు కణాల పొరలో ఒక తలుపు ఉంది. గ్లూకోజు, ఉప్పులోని సోడియం రెండూ కలిసి వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. అవి వెళ్తే వెనకే నీళ్ళు కూడా వెళ్తాయి. కలరా విషం పేగు కణాల్లోంచి ఉప్పునీ నీటినీ బయటికి పోయిస్తుంది గానీ, ఈ తలుపుని పాడుచెయ్యదు. 1968లో ఢాకాలో నలిన్, క్యాష్ అనే డాక్టర్లు కలరా రోగులకి గ్లూకోజు, లవణాలు కలిపిన నీళ్ళు తాగించి ఇది నిజమని చూపించారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి, సూది పెట్టేవాళ్ళు చాలరు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల ఇంటివాళ్ళే గ్లాసులతో తాగించారు. అంతకుముందు వందకి సుమారు 30 మంది చనిపోతున్న చోట, ఆ నీళ్ళతో చావులు 3.6 శాతానికి తగ్గాయి. 2023లో ఆయనకి, చనిపోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు.

మా ఊళ్ళో ఇప్పటికీ విరేచనాలైతే నీళ్ళు ఆపేసేవాళ్ళున్నారు. ఉత్త నీళ్ళు పట్టేవాళ్ళున్నారు. ఉత్త నీళ్ళు చాలవు, ఉప్పునీళ్ళే ఇచ్చినా చాలదు. పంచదార పేగులో విడిపోయి గ్లూకోజు ఇస్తేనే ఆ తలుపు నుంచి ఉప్పు, వెనకే నీళ్ళు లోపలికి పోతాయి. పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరుకి 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంచుకి సమానంగా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, రక్తం పడినా వెంటనే పీహెచ్‌సీకి తీసుకుపోవాలి.

ప్యాకెట్ మీద రాసింది తెలుగులోనో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మన అవ్వలకి అవేవీ చదవడం రాదు. సెలవులకి ఇంటికి పోయేవాళ్ళు ఈ తలుపు సంగతి కోయలో, కువిలో, సవరలో, గోండిలో, లంబాడీలో మీ ఇంటివాళ్ళకి చెప్పండి. ఎవరి భాషలో ఎలా చెప్పారో కింద రాయండి. అన్నీ కలిపి ఒక చోట పెడదాం.