మాండొలిన్ శ్రీనివాసుని నాదశేషము

లక్ష్యము ముందు, లక్షణము పిదప నని వైయాకరణుల మర్యాద. ప్రయోగము లేనిచో సూత్రమునకు విషయమే లేదు. సంగీతమునందును నిట్లే. స్వరలిపి లక్షణము, గానవాదనములు లక్ష్యము. పూర్వవిద్వాంసుల లక్ష్యము వారితోడనే యస్తమించెను. ధ్వనిముద్రణము వచ్చిన పిమ్మటనే యది నిలువఁ జొచ్చెను. ఉప్పలపు శ్రీనివాసుని ముద్రణము లిందుకు ముఖ్యోదాహరణములు.

శ్రీనివాసుఁడు 1969 ఫిబ్రవరి 28వ తేదీని పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకుఁడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యుఁడు. ఈ గురువునకు మాండొలిన్ వాయించు పరిచయము లేదు. ఆయన పాడుచుండఁగా బాలుఁ డదియే తంత్రులపైఁ బలికించుచుండెను. కావున నాతని బాణికి మూలము గాత్రమే కాని వాద్యాంతరము కాదు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున మొదటి కచేరి చేసెను.

మాండొలిన్ ఇటలీదేశపు వాద్యము. దానికి నాలుగు జంటల తంత్రులుండును. మీటిన నాదము శీఘ్రముగా నణఁగిపోవును. వీణపై వలె గమకమును సాగించుట దుష్కరము. శ్రీనివాసుఁడు జంటలను విడిచి యొంటితంత్రులఁ గైకొని, యైదవతంత్రిఁ జేర్చి, విద్యుచ్ఛక్తిచే నాదమును నిలిపెను. దానిచే స్థాయి విస్తరించెను. తంత్రిని లాగి గమకమును బలికించుట సుకరమయ్యెను. ఈ సంస్కారఫల మెట్టిదో వర్ణనముచేఁ దెలియదు, వినవలసినదే. త్యాగరాజకృతుల ముద్రణములం దది సంప్రదాయబద్ధముగా వినఁబడును. మైకేల్ బ్రూక్‌తోఁ గూడి 1995లో వెలువరించిన ‘డ్రీమ్’ నందుఁ బాశ్చాత్యనాదములతో సమ్మేళనము పొందును.

పాశ్చాత్యదేశములందును నిట్టి యల్పాయుష్కుఁ డొకఁడు గలఁడు. స్కాట్ రాస్ వాయించిన హార్ప్సికార్డు మెట్లను నొక్కఁగాఁ దంత్రులు మీటఁబడు వాద్యము. ఆతఁడు డొమెనికో స్కార్లాటి రచించిన 555 సొనాటలను 1984-85లో సమగ్రముగా ముద్రణము చేయించి, 1989లో 38 ఏండ్ల వయస్సున మరణించెను. శ్రీనివాసుఁడు 2014 సెప్టెంబరు 19వ తేదీని చెన్నపట్టణమున, 45 ఏండ్ల వయస్సునఁ గీర్తిశేషుఁడయ్యెను.

అయిన నిరువురకు భేదము గలదు. స్కార్లాటి రచనలు లిపిబద్ధములు. రాస్ ముద్రణము వానికి భాష్యము వంటిది. కర్ణాటకకృతులకు స్వరలిపి యున్నను గమకమంతయు నందు నిమడదు. రాగాలాపన మప్పటికప్పుడు పుట్టునది. కావున శ్రీనివాసుని ముద్రణము భాష్యము కాదు, మూలమే. మూలమైనపుడు దానికిఁ దాళపత్రమునకుఁ జేయు పరిశ్రమయే చేయవలయును: రాగతాళములు, పక్కవాద్యగాండ్రు, కాలదేశములు గుర్తింపవలయును, ఒకే కృతిని వేర్వేరు కచేరీలలో వాయించిన తీరులను బాఠభేదములుగాఁ బోల్పవలయును. కాలదేశములు తెలియని ముద్రణము పుష్పిక లేని తాళపత్రము. ఉండియుఁ బ్రమాణమునకుఁ జాలదు.