డేటాబేసు రెప్లికేషన్

ఒక డేటాబేసులోని సమాచారానికి వేరొక కంప్యూటరులో నకలును ఉంచి, అసలు ప్రతిలో జరిగే ప్రతి మార్పునూ ఆ నకలుకు ఎప్పటికప్పుడు చేరవేసే పద్ధతిని డేటాబేసు రెప్లికేషన్ అంటారు. ఒక సర్వరు చెడిపోయినా పని ఆగకుండా చూడటానికి, చదివేవారి రద్దీని పలు సర్వర్లకు పంచటానికి, దూరప్రాంతాల శాఖలకు సమాచారాన్ని దగ్గరలో ఉంచటానికి దీనిని వాడతారు. ఒకే సంస్థలోని అమ్మకాలు, గిడ్డంగి, పద్దుల వ్యవస్థలు సమాచారాన్ని పంచుకోవటానికి కూడా దీనిని వాడటం కద్దు. అయితే ఈ చివరి అవసరానికి ఇది అన్నివేళలా తగినది కాదు.

పనిచేసే విధానం

అసలు ప్రతి ఉన్నదానిని ప్రధాన సర్వరు అనీ, నకలు ఉన్నదానిని అనుచర సర్వరు అనీ వ్యవహరిస్తారు. ప్రధాన సర్వరు తనలో జరిగిన మార్పులను వరుసగా లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. అనుచర సర్వరు ఆ చిట్టాను తెచ్చుకొని, అదే క్రమంలో తనలోనూ ఆ మార్పులను చేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ చిట్టాను నిరంతర ప్రవాహంగా పంపే సదుపాయం 2010లో వెలువడిన 9.0 సంచికతో వచ్చింది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. నకలుకు కూడా మార్పు చేరినదని రూఢి అయిన తరువాతనే లావాదేవీ పూర్తయినట్లు ప్రకటించేది సమకాలిక పద్ధతి. ముందు ప్రకటించి, మార్పును వెనుకగా పంపేది అసమకాలిక పద్ధతి. మొదటిదానికి దూరమే ప్రధాన శత్రువు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 1000 కిలోమీటర్ల దూరానికి రానుపోను కనీసం 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకదాని తరువాత ఒకటిగా జరుగవలసిన 100 లావాదేవీలకు, వేగవంతమైన యంత్రాలున్నా, ఒక సెకను వేచి ఉండక తప్పదు. రెండవ పద్ధతిలో ఈ జాప్యం లేదు కాని, ప్రధాన సర్వరు హఠాత్తుగా పోతే అప్పటికి చేరని లావాదేవీలు కూడా దానితోనే పోతాయి.

వ్యాపార వ్యవస్థలలో నిర్ణయం

ఈ నిర్ణయాన్ని సంస్థ మొత్తానికి ఒకేసారి తీసుకోవటం కంటే, ఒక్కొక్క సమాచారానికి విడివిడిగా తీసుకోవటం మేలు. ఆ సమాచారం ఎంతసేపు పాతబడితే నష్టం లేదు, దానిని మార్చే అధికారం ఏ వ్యవస్థది అన్నవి తేలవలసిన విషయాలు. నెలవారీ అమ్మకాల నివేదికకు కొన్ని నిమిషాల పాత నకలు చాలును. పైగా నివేదికల భారం ప్రధాన సర్వరుపై పడదు. గిడ్డంగిలో మిగిలిన చివరి వస్తువు లెక్కకు అది చాలదు. నకలును చూసి అమ్మితే ఒకే వస్తువు ఇద్దరికి అమ్ముడుపోవచ్చు. అటువంటి చోట అసలు ప్రతినే అడగాలి. రోజుకొకసారి మారే ధరల పట్టికకైతే రాత్రిపూట ఒక ఫైలు పంపినా సరిపోతుంది.

తరచుగా విస్మరించే చిక్కు మరొకటి ఉంది. నకలు ద్వారా ఒక వ్యవస్థలోని పట్టికల నిర్మాణం యథాతథంగా మరొక వ్యవస్థకు చేరుతుంది. అమ్మకాల విభాగం తన పట్టికలో ఒక గడి పేరు మార్చినా పద్దుల విభాగపు ప్రోగ్రాము ఆగిపోవచ్చు.

రెండు చోట్లా రాయటం

ఏ ప్రతిలోనైనా మార్పులు చేయనిచ్చే పద్ధతి ఆకర్షణీయంగా కనిపిస్తుంది కాని, అత్యంత ప్రమాదకరమైనది ఇదే. జిమ్ గ్రే, మరి ముగ్గురు 1996లో ప్రచురించిన పత్రంలో, సర్వర్ల సంఖ్య, రద్దీ పదింతలైతే ప్రతిష్టంభనలు లేదా సరిదిద్దవలసిన వైరుధ్యాలు వేయింతలవుతాయని చూపారు. ప్రతి సమాచారానికీ ఒక యజమాని ప్రతి ఉండాలని వారు సూచించారు.

ఈ ప్రమాదం అనుకోకుండా కూడా ఎదురవుతుంది. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థకు అమెరికా తూర్పు తీరంలో 43 సెకన్లపాటు నెట్‌వర్కు తెగింది. స్వయంచాలక వ్యవస్థ పశ్చిమ తీరపు సర్వర్లను ప్రధాన సర్వర్లుగా చేసింది. కాని తూర్పున అప్పటికే స్వీకరించిన కొన్ని రాతలు పడమటికి చేరలేదు. ఆ తరువాత పడమట కొత్త రాతలు చేరాయి. ఏ పక్షపు సమాచారాన్నీ వదులుకోలేక, బ్యాకప్‌ల నుండి తిరిగి నిర్మించటానికి సిద్ధపడటంతో సేవలు 24 గంటల 11 నిమిషాలపాటు కుంటుపడ్డాయి.

బ్యాకప్‌తో తేడా

రెప్లికేషన్‌ను బ్యాకప్‌గా భావించటం పొరపాటు. ప్రధాన సర్వరులో పొరపాటున ఒక పట్టికను చెరిపివేస్తే, ఆ చెరిపివేత కూడా క్షణాలలో నకలుకు చేరుతుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో వెనుకబడిన నకలును సరిచేసే ప్రయత్నంలో ప్రధాన సర్వరులోని డేటాయే తొలగించబడింది. రోజువారీ బ్యాకప్‌లు కొంతకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. సుమారు 6 గంటల ముందు తీసిన మరొక ప్రతి ఉండటం వలన మిగిలినది దక్కింది.

ఇటువంటి పొరపాట్లకు కొంత విరుగుడుగా, కావాలనే గంటో రెండు గంటలో వెనుకగా నడిచే నకలును ఉంచే వీలు మైఎస్‌క్యూఎల్‌లో 5.6 సంచిక నుండి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 9.4 నుండి ఉంది.