కట్టను నిలిపేది ఏమిటి?



మన జిల్లా కేంద్రం పేరు ఒక చెరువు నుండి వచ్చిందని మీలో ఎంతమందికి తెలుసు? విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు ఏలుతున్న కాలంలో, 1364లో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి పెద్ద చెరువు కట్టించాడు. ఆ చెరువును ఆనుకుని రెండు ఊళ్లు వెలిశాయి. ఒకటి రాజు పేరున బుక్కరాయసముద్రం, రెండవది అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. సముద్రానికి ఇంత దూరాన, సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఈ నేలలో, మన పెద్దలు చెరువును సముద్రమన్నారు, సాగరమన్నారు. నీటి విలువ తెలిసినవారు పెట్టిన పేర్లవి.

ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు. కథ మీరు విన్నదే. ఒకసారి కుండపోత వానకు చెరువు నిండి కట్టకు గండి పడబోయింది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప కట్ట నిలవదని పలుకు వినబడింది. ఆమె అత్తమామల దగ్గర, భర్త దగ్గర సెలవు తీసుకుని, తానే నడిచి వెళ్లి నీటిలో దిగింది. ఊరు బ్రతికింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ఈ కథను ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా వ్రాశారు.

ఈ కథను ఎగతాళి చేయవద్దని మన యౌవనస్థులకు చెబుతున్నాను. కట్ట తెగితే ఏమవుతుందో చూసినవారి భయం ఇందులో ఉంది. ఊరి కోసం ప్రాణం పెట్టిన స్త్రీ మీద గౌరవమూ ఉంది. అయితే ఒక మాట అడగాలి. కష్టం ఊరందరిదైనప్పుడు వెల ఒక్క కోడలే ఎందుకు చెల్లించాలి? నిజంగా కట్టను నిలిపింది ఏమిటి?

దీనికి జవాబు కడప జిల్లా పోరుమామిళ్లలో రాతి మీద ఉంది. అదే బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి, 1369లో సంస్కృత శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు అందులో చెప్పారు. గట్టి నేల, మంచినీటి ఏరు, కొండల నడుమ బలమైన రాతికట్ట, దగ్గరలో రాతి గని, పని తెలిసిన మనుషులు ఇలాంటివి. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల వంటి ఆరు దోషాలూ చెప్పారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క వ్రాశారు. ఆ లెక్కలో మనిషి బలి లేదు. ఉన్నదంతా మట్టి, రాయి, తెలివి, చెమట.

కట్టిన తరువాత కాపాడుకునే ఏర్పాటు కూడా ఆనాడే ఉండేది. చెరువు కట్టి, బాగుచేసేవారికి దశబంధం అనే పేరుతో మాన్యం ఇచ్చేవారు. తూము తెరిచి మూసి, మడి మడికి వంతు ప్రకారం నీరు పెట్టడానికి నీరుగంటి ఉండేవాడు. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలది. కట్ట మీద రాత్రంతా కాపలా ఉండి, ఆయకట్టులో తమకు సెంటు భూమి లేకపోయినా పక్కవాడి పైరుకు నీరు పెట్టినవారు వారు. మన సంఘాల్లో కొందరి తాతముత్తాతలు వారే. శాసనాల్లో వారి పేర్లు లేకపోవచ్చు. వారి పని లేకుండా ఏ రాజు చెరువూ నిలిచేది కాదు.

1800లో ఈ సీమ కంపెనీ చేతికి వచ్చింది. చెరువు మరమ్మతు క్రమంగా సర్కారు పని అయిపోయింది. 1876–78 నాటి పెద్ద కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. తరువాత బోర్లు వచ్చాయి. ఎవరి బోరు వారికి ఉంటే ఊరి చెరువుతో పనేముంది అనుకున్నాం. వందల అడుగులు దించినా నీరు పడక అప్పులు మిగిలి, బెంగళూరుకు కూలికి వెళ్లిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. చెరువులో నీరు నిలవకపోతే భూమిలోకి నీరు ఎక్కడి నుండి దిగుతుంది?

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకును చూడండి. అబ్రాహాము కాలంలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చివేశారు. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే వాటికి పెట్టాడు. ఆ తరువాత క్రొత్త బావులు త్రవ్వితే గెరారు కాపరులు నీరు మాదే అని జగడమాడారు. ఇస్సాకు కొట్లాటకు దిగలేదు, పని మానలేదు. మరొకటి త్రవ్వాడు. చివరికి రహెబోతు దగ్గర జగడం లేని చోటు దొరికింది. తండ్రి చేసిన పనిని తిరిగి చేయడం చిన్నతనం అని ఆయన అనుకోలేదు.

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు కూడా, అంతకు ముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు త్రవ్వించినవారే. దూరదేశం నుండి వచ్చిన మనిషికి మన నీటి కష్టం పట్టింది. ఇక్కడే పుట్టిన మనకు పట్టకపోతే ఎలా?

ప్రియులారా, మనందరి కోసం ప్రాణం పెట్టినవాడు ఒక్కడే, ఆ బలి ఒక్కసారే జరిగింది. ఇక దేవుడు మన ఊళ్లలో ఏ ఇంటి కోడలి ప్రాణమూ అడగడు. మన చేతులు అడుగుతాడు. వానలు మొదలు కాకముందే మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడవండి. కంప చెట్లు ఎక్కడ వేళ్లు దించాయో, తూము ఎక్కడ పూడిందో, చెరువుకు నీరు తెచ్చే వంకను ఎవరు ఆక్రమించారో చూడండి. ఆక్రమించినది మనవారైతే ముందు మనమే వదలాలి. పూడిక మట్టి మీ చేలకు తోలుకోండి. పని రోజున ఏ కులం, ఏ గుడి అని చూడకుండా అందరితో కలిసి పార పట్టండి.

పిల్లలకు ఊరి చెరువు పేరు నేర్పండి. అది ఎవరు కట్టించారో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి. మరవ పారిన సంవత్సరం ఏదో వారు వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. మన మనుమలు కూడా అలా చెప్పుకునే సంవత్సరం ఒకటి మన కాలంలో ఉండాలి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.