జామాయిల్ చెట్టు, నీలగిరి తైలము

కొత్తగూడెము నుండి పాల్వంచ మీదుగా భద్రాచలము పోవు దారిలో, గోదావరి వంతెనకు ఈవల సారపాక వచ్చులోపల, రోడ్డుకు ఇరుప్రక్కల వరుసలు తీర్చి నాటిన చెట్ల తోటలు అనేకము కనిపించును. నిటారైన సన్నని మ్రాను, పొరలుగా ఊడిపోవు బెరడు, దానిక్రింద నున్నని తెల్లని ఒళ్ళు, కొడవలివలె వంగి వ్రేలాడు ఆకులు. ఈ ప్రాంతమువారు దీనిని జామాయిల్ చెట్టు అందురు. పడిసెము పట్టినప్పుడు వేడినీళ్ళ గిన్నెలో వేయు నీలగిరి తైలము ఈ చెట్టుదేనని పిల్లలే కాదు, పెద్దలు కూడ తలచుచుందురు. అట్లు తలచుటలో వింత లేదు. పేరులోనే ఆయిల్ ఉన్నది. ఆకు నలిపిన వాసన కూడ ఇంచుమించు అదే. కాని తోటల నుండి సారపాక కాగితపు మిల్లుకు లారీలలో పోవునది దుంగ మాత్రమే. ఆ చెట్టు మన నేలకు వచ్చిన దారి ఒకటి, సీసాలోని తైలము మన ఇంటికి వచ్చిన దారి మరియొకటి. రెండును ఒకే ఖండము నుండి బయలుదేరినవి.

ఆ ఖండము ఆస్ట్రేలియా. లెరిటియే అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు 1788లో ఈ జాతికి యూకలిప్టస్ అని పేరు పెట్టెను. ‘చక్కగా కప్పబడినది’ అని గ్రీకులో దాని అర్థము. మొగ్గకు చిన్న మూత ఉండి, పూచునప్పుడు అది ఊడి పడిపోవును. ఆ మూతనుబట్టియే ఈ పేరు. ఈ జాతిలో ఏడువందలకు పైగా రకములు కలవు. జామ, నేరేడు, లవంగము కూడ ఈ కుటుంబములోనివే. కనుక మనవారి నోట జామాయిల్ అను పేరులో జామ చేరుట శాస్త్రమును బట్టియు తప్పు కాదు. విద్యార్థులు ఒక పరీక్ష చేసి చూడవచ్చును. జామాయిల్ ఆకునొకటి, జామ ఆకునొకటి తెచ్చి ఎండకు ఎదురుగా పట్టుకొని చూచినచో ఆకు నిండ సూదితో పొడిచినట్లు సన్నని వెలుగు చుక్కలు కనిపించును. అవి నూనె తిత్తులు. నలిపినప్పుడు పగిలి వాసన నిచ్చునవి అవియే.

ఆస్ట్రేలియా ఆదివాసులు ఈ ఆకుల గుణము చిరకాలము నుండి ఎరిగినవారే. తెల్లవారు సిడ్నీ తీరమున దిగిన 1788లోనే, వారి వెంట వచ్చిన వైద్యుడు జాన్ వైట్ అక్కడి యూకలిప్టస్ ఆకు నుండి తీసిన నూనెను ఇంగ్లండుకు పంపెను. అయినను అది వ్యాపారముగా మారుటకు అరువది ఏండ్లకు పైగా పట్టినది. మెల్‌బోర్ను దగ్గర మందుల అంగడి పెట్టిన జోసెఫ్ బొసిస్టో, వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ ప్రోత్సాహముతో 1850వ దశకపు తొలి సంవత్సరములలో బట్టీ పెట్టి తైలము తీయసాగెను. 1870లో ఫ్రెంచి రసాయనికుడు క్లోయెజ్ ఈ తైలములోని ముఖ్య పదార్థమును విడదీసి యూకలిప్టాల్ అని పేరు పెట్టెను. దానినే ఇప్పుడు సినియోల్ అనుచున్నాము. ముక్కులో చల్లగా దూసుకొనిపోవు ఆ గుణము చాలవరకు దీనిదే. ఔషధ ప్రమాణ గ్రంథములు నీలగిరి తైలములో ఇది నూటికి 70 పాళ్ళకు తగ్గరాదని నియమించినవి. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన జామాయిల్ దగ్గరకు వచ్చునప్పుడు దీనితో పని పడును.

ఆ శతాబ్దపు ఉత్తరార్ధములో ఈ చెట్టుకు మరియొక ఖ్యాతి వచ్చినది. చిత్తడి నేలల నుండి లేచు చెడుగాలియే మలేరియాకు కారణమని ఆనాటి నమ్మకము. మలేరియా అను మాటకు అర్థమే చెడుగాలి. ఘాటైన వాసన గల చెట్టు ఆ గాలిని శుద్ధి చేయునని తలచి దీనిని జ్వరపు చెట్టు అనిరి. రోము నగరము దగ్గరి చిత్తడి నేలలలో క్రైస్తవ సన్న్యాసులు వీనిని నాటిరి. ఆ నమ్మకమునకు ముగింపు మన సికింద్రాబాదులో జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అచ్చట ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూచెను. దోషము గాలిది కాదు, దోమది. యూకలిప్టస్ నాటిన కొన్ని చోట్ల జ్వరము తగ్గినమాట ఉండవచ్చును గాని, దానికి కారణము వాసన కాదు. చెట్టు నీరు పీల్చగా దోమ పెరుగు మడుగు ఎండిపోవుట. మన్యపు జ్వరములకు పేరుపడిన భద్రాచలము అడవుల వారికి ఈ కథ వినదగినది. చెట్టు నుండి వచ్చు వాసన రోగమును తరుమునను తలపు మాత్రము అక్కడితో అంతరించలేదు. మలేరియాను విడిచి పడిసెమును పట్టుకొన్నది.

ఇక మన దేశపు కథ. నీలగిరి కొండలపై ఉదకమండలమున ఆంగ్లేయులు ఇండ్లు కట్టుకొన్న పిమ్మట వంటకును, చలి కాచుకొనుటకును కట్టె చాలక చుట్టుప్రక్కల అడవులు తరిగిపోయినవి. 1843లో మద్రాసు ఇంజనీర్ల దళములోని కాటన్ అను కెప్టెన్ టాస్మేనియా దీవికి చెందిన యూకలిప్టస్ గ్లోబులస్ అను రకమును అక్కడ నాటెను. నాటినది వంటచెరకు కొరకే. చెట్టు చలిలో ఏపుగా పెరిగినది, తోటలు వ్యాపించినవి, తరువాత రాలిన ఆకును ఏరి బట్టీలలో కాచి తైలము తీయు పని కొండ మీద కుటీర పరిశ్రమ అయినది. అట్లు కట్టె కొరకు వచ్చిన చెట్టు తైలమునకు పేరుపొందినది. తెలుగులో ఆ తైలమునకు కొండ పేరే స్థిరపడినది.

బట్టీ తీరు తెలిసినచో మన ఇంటి ఆవిరి గిన్నె కూడ అర్థమగును. సినియోల్ విడిగా మరుగుటకు 176 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. అంత వేడి పెట్టినచో ఆకు మాడిపోవును. కాని ఒకదానిలో ఒకటి కలియని రెండు ద్రవములను కూర్చి కాచినప్పుడు రెండింటి ఆవిరి పీడనములు కూడి, నీరు మరుగు 100 డిగ్రీలకు లోపుగానే రెండును కలిసి పైకి లేచును. ఆవిరిని గొట్టములో చల్లార్చినచో నీటిపై నూనె తేలును. మన ఇండ్లలో వావిలాకో, తులసియో, పసుపో వేసి కాచి, దుప్పటి కప్పుకొని కూర్చున్నప్పుడు జరుగునది ఇదే. ఆ గిన్నెయే బట్టీ. ఆవిరి చల్లారు గొట్టము మన ముక్కు. వాగుల ఒడ్డున పెరుగు వావిలి ఆకులోను, వాములోను, తులసిలోను ఇటువంటి ఎగిరిపోవు నూనెలే ఉన్నవి. నీలగిరి తైలము రాకముందు మనకు ఆవిరి పట్టుట తెలియదనుకొనరాదు. సీసా వచ్చి ఆకు కోయు శ్రమను తగ్గించినది, అంతే.

సీసాతో పాటు డబ్బీ కూడ వచ్చినది. అందులో తెలుగువారి చేయి ఉన్నది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారు చేయసాగిరి. సంగీత సభలలో ఉచితముగా పంచి దానిని ప్రజలకు అలవాటు చేసిరందురు. ఆ లాభముతోనే వారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలము వంటి పదార్థములతో కూడిన ఇటువంటి లేపనములు అరకు చేరిన పిదప, పడిసెమనగానే చేయి అటు పోవుట తెలుగు ఇండ్లలో అలవాటైనది.

సారపాక దారిలోని చెట్టు మాత్రము ఈ వంశములోనిది కాదు. దాని మూలము మైసూరు వైపు నున్నది. టిప్పు సుల్తాను 1790 ప్రాంతమున నంది కొండపై తన తోటలో యూకలిప్టస్ విత్తనములు నాటించెనని చెప్పుదురు. అక్కడ నిలిచిన చెట్ల సంతతి, ముఖ్యముగా టెరెటికార్నిస్ అను రకము, మైసూర్ గమ్ అను పేర స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దక్షిణ భారతమంతట నాటబడినది. గ్లోబులస్ రెండువేల మీటర్ల ఎత్తున చలిలో పెరుగునది. గోదావరి ఒడ్డున వైశాఖపు ఎండకు అది నిలువదు. మైసూర్ గమ్‌కు ఎండ లెక్క కాదు. 1953లో ఏర్పడిన ఖమ్మము జిల్లాలో 1959 నాటికి భద్రాచలము తాలూకా చేరినది. 2016 నుండి అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. ఈ నేలపై 1975 ముఖ్యమైన సంవత్సరము. అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడినది ఆ ఏడే. సారపాక కాగితపు మిల్లు కొరకు భద్రాచలము పేపర్ బోర్డ్స్ కంపెనీ ఏర్పడినదియు ఆ ఏడే. 1979లో మిల్లు నడక సాగించినది. మిల్లుకు గుజ్జు కావలెను, గుజ్జుకు కలప కావలెను.

మొదట రైతులకు ఇచ్చినవి విత్తనపు మొక్కలు. ఒక్క తల్లి విత్తనములే అయినను ఒకటి తాడి అంత, ఒకటి మోకాలి అంత పెరిగినవి, చచ్చినవియు ఎక్కువే. 1989 నుండి ప్యారే లాల్ మొదలగు శాస్త్రజ్ఞులు మిల్లు పక్షమున తోటలన్నియు గాలించి మేలైన చెట్లను ఏరి, వాని కొమ్మలను వేరు పట్టించి క్లోన్లు తయారు చేసిరి. తల్లి ఎట్లో పిల్ల అచ్చముగా అట్లే. దిగుబడి రెండు మూడింతలైనది. 413, 526 అను అంకెలు ఈనాడు ఇచ్చటి రైతులకు వరి వంగడముల పేర్ల వలె పరిచితములు. ఆ ఎంపికలో చూచినవి కాండపు నిటారు, పెరుగు వేగము, తెగులును తట్టుకొను శక్తి, కాగితమునకు పనికివచ్చు కలప గుణము. ఆకులోని నూనె ఎంపికకు కొలబద్ద కాదు.

అందువలన ఈ ఆకులో నూనె లేదని కాదు. ఉన్నది; కాని అందులో సినియోల్ పాలు చెట్టునుబట్టి మారిపోవును, పైనీన్ మొదలగు వేరు పదార్థములు ఎక్కువగా ఉండవచ్చును. 70 పాళ్ళ నియమమునకు ఈ తోటల ఆకు పూచీ పడదు. నిమ్మవాసన గల సిట్రియోడోరా అను మరియొక రకములో సినియోల్ బదులు సిట్రొనెల్లాల్ ముఖ్యము. ఆ చెట్టు నుండి వచ్చు ఒక పదార్థము దోమలను దూరముగా ఉంచునని తేలి, ఇప్పుడు ఒంటికి పూయు మందులలో వాడుచున్నారు. జ్వరపు చెట్టన్న పాత పేరు ఈ విధముగా కొంత నిజమైనది గాని, ఆనాటివారు అనుకొన్న చెట్టుతో కాదు, అనుకొన్న కారణముతోను కాదు.

మరి పడిసెమునకు అసలైన తైలమైనను ఏమి చేయును? పడిసెమునకు, ఫ్లూ జ్వరమునకు వైరసులు కారణము. ఆవిరిలోని నాలుగు చుక్కలు వానిని చంపలేవు. పిప్పరమెంటు పువ్వు పీల్చినప్పుడు ముక్కు తెరచుకొన్నట్లు తోచును. కాని గాలి పోవు మార్గమును పరికరములతో కొలిచినప్పుడు అది పెద్దగా వెడల్పు కాలేదని తేలినది. మన నరములలో చల్లదనమును గుర్తించు ఒక గ్రాహకము కలదని 2002లో కనుగొనిరి. మెంథాల్, సినియోల్ దానిని తట్టి లేపును. మెదడు చల్లని గాలి వచ్చెననుకొనును. వాసన తగిలి నిద్ర పట్టినచో అదియు ఉపకారమే. వద్దనుట లేదు. రోగము తగ్గుటకు వారమో పది దినములో పట్టును. ఆయాసము, తగ్గని జ్వరము ఉన్నచో గిన్నె విడిచి వైద్యుని చూడవలెను.

ప్రమాదము మాత్రము తోచుట కాదు, నిజమైనదే. నూరు కిలోల పచ్చి ఆకు నుండి వచ్చు తైలము ఇంచుమించు ఒక కిలో. అనగా ఒక చెంచాడు తైలములో అరకిలో ఆకు సారము ఉన్నది. గుప్పెడు ఆకు వేసి ఆవిరి పట్టిన మన అవ్వకు, సీసా వంచిన మనకు ఇదియే భేదము. ఆ చెంచాడు తైలము చిన్నపిల్ల మ్రింగినచో మగత కమ్మును, మూర్ఛ రావచ్చును. కర్పూరము అంతకంటె చెడ్డది. రెండేండ్లలోపు పిల్లల ముక్కు దగ్గర ఈ లేపనములు రాయకూడదు; కర్పూరపు బిళ్ళ మూటకట్టి మెడలో వ్రేలాడవేయుట కూడ మంచిది కాదు. పెద్దలకు దీనితో ఏమి కాదనుకొనుటయు పొరపాటే. దక్షిణ భారతములోని కొన్ని ఆసుపత్రులలో నాలుగేండ్ల పాటు మూర్ఛతో వచ్చిన పెద్దవారిని పరిశీలించి 2021లో ఫలితములు ప్రకటించిరి. 350 మందిలో 55 మందికి ఇటువంటి తైలములతో సంబంధము కనబడినది. వాడినవి ఎక్కువగా యూకలిప్టస్, కర్పూరము గల సరకులే. ఫిట్సు వ్యాధి ఉన్నవారి ఇంటిలో ఈ సంగతి తెలిసి ఉండవలెను.

ఇక మరుగు నీళ్ళ గిన్నె. కరోనా వచ్చిన 2020, 2021లలో ఇంటింట ఆవిరి పట్టిరి. పిల్లవాడు దుప్పటి క్రింద కదలి గిన్నె ఒలికించుకొన్న కాలిన గాయము వైరసు చేయని హాని చేయును. పిల్లలకు ఆవిరి పట్టకుండుటయే మేలు. పెద్దవారైనను గిన్నెను ఒడిలో కాక నేలపై కదలని చోట పెట్టి, పొయ్యి మీది నుండి దించి కొంత ఆరిన తరువాత కూర్చుండవలెను. సీసా కొనునప్పుడు దానిపై గ్లోబులస్ అను పేరు, ఔషధ ప్రమాణము ఉన్నదా అని చూచి, కొన్న తరువాత మూత బిగించి పై అరలో పెట్టవలెను. దగ్గు మందు సీసాల వరుసలో మాత్రము పెట్టరాదు.